ఇంజిన్ పీల్చే ఉప్పునీరు, ఇంజిన్ తాగే డీజిల్

పాఠకుల ప్రశ్నలకు ఈ నెల సమాధానాలు

ఈ శీర్షికకు సాధారణంగా బోరు మోటార్లు, ఇన్వర్టర్లు, అపార్ట్‌మెంటు లిఫ్టుల గురించిన ఉత్తరాలే వస్తుంటాయి. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో ప్రయాణించవలసిన హైదరాబాద్ నుంచి ఈ నెల బోటు ఇంజిన్ల మీద మూడు ఉత్తరాలు వచ్చాయి. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఓడల ఇంజిన్ గదుల్లో గడిపినవాణ్ని కనుక, మిగిలిన ఉత్తరాలను వచ్చే నెలకు వాయిదా వేసి వీటికే చోటు కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా బావమరిది కాకినాడలో 34 అడుగుల ఫైబర్ బోటు కట్టిస్తున్నాడు. లోపల 60 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్, 400 లీటర్ల ట్యాంకు ఉంటాయి. సామాను నేను ఇక్కడ రాణిగంజ్‌లో కొని పంపాలి. సముద్రపు నీటికి ఒక అంగుళం గొట్టం చాలని, బోటు అడుగున ఒకే రంధ్రం నుంచి ఇంజిన్‌కూ, డెక్కు కడిగే పంపుకూ, మరుగుదొడ్డికీ నీరు తీసుకోవచ్చని బోటు కట్టే మేస్త్రీ అంటున్నాడు. డీజిల్‌కు 2 మైక్రాన్ల ఫిల్టర్ ఒకటి పెడితే ఇంకేమీ అక్కర్లేదని మెకానిక్ అంటున్నాడు. ఆ రంధ్రాన్ని తెరిచి మూసే కుళాయిలుగా ఇత్తడి కాక్‌లు కొనవచ్చా అన్నది నా సొంత సందేహం. వివరంగా చెప్పగలరు.
– విశ్రాంత ఉద్యోగి, అల్వాల్

జవాబు: మీ మేస్త్రీ, మెకానిక్ ఇద్దరూ వేర్వేరు మాటలు చెబుతున్నట్టు కనిపించినా చేస్తున్న పొరపాటు ఒక్కటే. సముద్రపు నీరు కానీ, డీజిల్ కానీ ఇంజిన్ దగ్గరికి వాటంతట అవి తోసుకుని రావు. ఇంజిన్‌కు బిగించిన పంపులు వాటిని పీల్చుకుంటాయి. తోసే గొట్టానికి చిల్లు పడితే బయటికి చుక్కలు కారి మన కంట పడుతుంది. పీల్చే గొట్టంలో ఒక జాయింటు వదులైతే, ఆ జాయింటు నీటిమట్టానికి పైన ఉన్నంతవరకు, బయట గుడ్డ పెట్టి తుడిచినా తడి తగలదు. గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది, ఆ సంగతి ఇంజిన్ వేడెక్కిన తర్వాతనో ఆగిపోయిన తర్వాతనో తెలుస్తుంది. పైగా పంపు ఎంత బలమైనదైనా తోయగలిగినంతగా పీల్చలేదు. అందుచేత గొట్టం సన్నబడితే, జల్లెడ మరీ సన్ననిదైతే, వంపులు ఎక్కువైతే ఆ భారమంతా పీల్చే వైపే పడుతుంది. మీరు కొనబోయే ప్రతి వస్తువునూ ఈ దృష్టితో చూడండి.

ముందు నీటి సంగతి చూద్దాం. డీజిల్ ఇంజిన్ తాగిన నూనెలోని శక్తిలో సుమారు మూడో వంతు ప్రొపెల్లర్ షాఫ్టుకు చేరుతుంది, మూడో వంతు పొగతో పోతుంది, తక్కినదానిలో అధికభాగం చల్లబరిచే నీటిలోకి వెళుతుంది. మీ 60 హార్స్‌పవర్ అంటే 45 కిలోవాట్లు; నీరు మోసుకుపోవలసిన వేడి కూడా ఇంచుమించు అంతే అనుకోండి. సముద్రపు నీరు లోపలికి వచ్చినప్పటికంటే బయటికి పోయేటప్పుడు 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందని లెక్క వేసుకుంటే, నిమిషానికి 66 లీటర్ల నీరు కావాలి. పీల్చే గొట్టంలో నీటి వేగం సెకనుకు ఒకటి, ఒకటిన్నర మీటర్లు దాటకుండా చూసుకోవడం మా వృత్తిలో పాత అలవాటు. ఒక అంగుళం గొట్టంలో ఈ నీరు సెకనుకు 2.2 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 32 మిల్లీమీటర్ల గొట్టంలో 1.4 మీటర్లు అవుతుంది. ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్ల గొట్టంలో ఒక మీటరుకు కొద్దిగా తక్కువే ఉంటుంది. మీకు 38 మిల్లీమీటర్లది తగినది. కొత్త బోటు తొలి రోజున అంగుళం గొట్టంతోనూ నడుస్తుంది, మేస్త్రీ మాట నిజమైనట్టే కనిపిస్తుంది. ఆరు నెలలకు గొట్టం నోట్లో గుల్లలు పట్టి దారి సగానికి కుంచించుకుపోయినప్పుడు అసలు లెక్క బయటపడుతుంది. ఇంజిన్ తయారీదారు ఇచ్చే పుస్తకంలో నీటి పరిమాణం, గొట్టం సైజు రాసి ఉంటే నా లెక్కను పక్కన పెట్టి దాన్నే పాటించండి.

మన వైపు నీరు ఎలాగూ గోరువెచ్చనిది. బంగాళాఖాతంలో పైనీరు ఏడాదిలో చాలా నెలలు 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది, ఎండాకాలంలో అంతకు మించుతుంది. ఓడల యంత్రాలకు 32 డిగ్రీల సముద్రపు నీటిని ప్రమాణంగా తీసుకుని రూపకల్పన చేస్తారు. చల్లని దేశాల బోట్లకు వేసిన కొలతలను చూసి కొంటే ఇక్కడ తేడా వచ్చేది ఈ కారణంగానే.

రంధ్రాల విషయంలో మేస్త్రీ ఆలోచనలో సగం న్యాయం ఉంది. బోటు అడుగున చేసే ప్రతి రంధ్రమూ ఒక ప్రమాదమే. నీటిమట్టానికి అర మీటరు కింద 38 మిల్లీమీటర్ల గొట్టం ఊడిపోతే, నిమిషానికి సుమారు 125 లీటర్ల చొప్పున, గంటకు ఏడున్నర వేల లీటర్ల నీరు లోపలికి వస్తుంది. చిన్న బోట్లలో పెట్టే అడుగునీరు తోడే పంపు దానికి ఏమాత్రం సరితూగదు. అయినప్పటికీ ఇంజిన్ రంధ్రాన్ని మాత్రం మరో పనికి పంచవద్దని నా సలహా. డెక్కు పంపు నడుస్తూ ఉండగా ఎవరో దాని గొట్టం ఊడదీస్తే, ఇంజిన్ పంపు ఆ దారిన గాలి పీల్చుకుంటుంది. ఇంజిన్‌కు ఒకటి, మిగిలిన పనులన్నిటికీ కలిపి ఇంకొకటి, మొత్తం రెండు రంధ్రాలతో ముగించండి.

రంధ్రం ఎక్కడ అన్నది మీరు అడగలేదు కానీ, గొట్టం సైజుకంటే అదే ముఖ్యం. కాకినాడ ఉప్పుటేరులో పోటు తీసినప్పుడు బోట్ల అడుగులు బురదకు ఆనడం మీరు చూసే ఉంటారు. మరీ అడుగున పెడితే ఇంజిన్ వేయగానే ఆ బురదనే తాగుతుంది. మరీ పైన పెడితే అలలకు బోటు పక్కకు ఒరిగినప్పుడు రంధ్రం గాలిలోకి తేలుతుంది. వెన్నుకర్రకు కాస్త పక్కగా, బోటు ఎంత ఊగినా నీటిలోనే ఉండేచోట పెట్టించండి. రంధ్రం నోటికి పెట్టే జాలీ ముందుకు చూసేది అయితే, నడుస్తున్న బోటు వేగమే నీటిని లోపలికి నెడుతుంది, అది కొంత మేలు. ఆ మేలుతోపాటు ఒక జాగ్రత్తా ఉంది: మీ బోటు ఇంజిన్ ఆగిపోయి మరో బోటు దాన్ని లాక్కుని వస్తున్నప్పుడు కాక్ తెరిచి ఉంచితే, పంపు తిరగకపోయినా నీరు నెట్టుకుంటూ వెళ్లి సైలెన్సర్‌ను నింపి, ఆపైన సిలిండర్లలోకి చేరగలదు. లాగించుకునేటప్పుడు కాక్ మూయడం మీ బావమరిదికి అలవాటు చేయించండి.

ఇక ఇత్తడి. కొన్నేళ్ల క్రితం ఒక బోటు నుంచి విప్పిన కాక్‌ను బాలానగర్‌లోని ఒక లేత్ షెడ్డులో నిలువునా కోయించాను. పైకి పసుపుపచ్చగా, కొత్తదానిలా ఉంది. కోసిన ముఖం మాత్రం అంచు నుంచి మూడో వంతు లోపలి వరకు గులాబీ రంగులో, పాత ఇటుక పెళ్లలా కనిపించింది; స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పొడి రాలింది. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. ఉప్పునీరు అందులోని జింకును కొద్దికొద్దిగా తీసుకుపోయి, రాగిని తేనెపట్టులా బోలుగా వదిలేస్తుంది. ఆ కాక్ పిడిని గట్టిగా తిప్పిన రోజున అది చేతికి ఊడి వస్తుంది. కుళాయి దుకాణంలో దొరికే ఇత్తడి బాల్ వాల్వు మున్సిపల్ నీటికి చేసినది. బోటు అడుగున దానికి పని లేదు. గన్‌మెటల్‌వి కానీ, జింకు కరిగిపోకుండా ఆర్సెనిక్ కలిపిన డి.జెడ్.ఆర్. ఇత్తడివి కానీ, గాజునారతో బలపరిచిన నైలాన్‌వి కానీ అడగండి. డి.జెడ్.ఆర్. రకానికి ‘సి.ఆర్.’ అనో, సి.డబ్ల్యు. 602 ఎన్ అనో ముద్ర ఉంటుంది. దుకాణదారు నోటిమాట మీద కాకుండా ఆ ముద్ర చూసి కొనండి.

కొనేటప్పుడు మరలు కూడా పరీక్షించాలి. అడుగు రంధ్రంలో దిగే ఫిట్టింగుకు సాధారణంగా తిన్నని మర ఉంటుంది. బజారులో దొరికే బాల్ వాల్వులు కొన్నిటికి కోసుగా సన్నబడే మర ఉంటుంది. ఒకదానిలో ఒకటి బిగిస్తే రెండు మూడు చుట్లు తిరిగి ఆగిపోతుంది, చూడటానికి బిగిసినట్టే ఉంటుంది. కాళ్లతో తొక్కినా కదలకూడని జాయింటు ఇది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం అడుగు కాక్ లోపలి చివర మీద 500 పౌండ్ల బరువు, అంటే సుమారు 227 కిలోలు, 30 సెకన్లు మోపినా చెక్కుచెదరకూడదు. రెండు భాగాలనూ దుకాణంలోనే చేత్తో బిగించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి తీసుకోండి. గొట్టం పీల్పుకు అణగిపోకుండా లోపల తీగ చుట్ట ఉన్నదై ఉండాలి. ప్రతి చివరా 316 రకం స్టీలు క్లిప్పులు రెండేసి వేయించండి. ప్రతి కాక్ పక్కనా దాని నోటికి సరిపడే కోసు చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి వేలాడదీయించండి. దాని ఖర్చు టీ నీళ్లపాటి కూడా కాదు.

కాక్ తర్వాత వచ్చేది స్ట్రెయినర్, అంటే నీటిలోని చెత్తను ఆపే జల్లెడ డబ్బా. గోదావరికి వరద వచ్చిన నెలల్లో కాకినాడ తీరానికి ఎర్రనీటితోపాటు గుర్రపుడెక్క, అరటి బోదెలు, ప్లాస్టిక్ సంచులు కొట్టుకుని వస్తాయి. అందుకని జల్లెడ బుట్టలోని రంధ్రాల మొత్తం వైశాల్యం గొట్టం వైశాల్యానికి నాలుగైదు రెట్లు ఉండేంత పెద్ద స్ట్రెయినర్ కొనండి. మూత పారదర్శకమైనదైతే విప్పకుండానే చెత్త కనిపిస్తుంది. మూత నీటిమట్టానికి పైన వచ్చేలా బిగించగలిగితే మరీ మంచిది. కాక్ తెరిచి ఉన్నప్పుడు మూత తీసినా నీరు పొంగదు, కింద ఇరుక్కున్న సంచిని కర్రతో పొడిచి బయటికి తోయవచ్చు. మూత కింది రబ్బరు రింగు ఎండిపోతే నేను మొదట చెప్పిన గాలి అక్కడి నుంచే ప్రవేశిస్తుంది. స్ట్రెయినర్ దాటాక ఉండే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) నీరు లేకుండా తిరిగితే నిమిషాల్లో రెక్కలు రాలుస్తుంది. రాలిన ముక్కలు ఎక్కడికీ పోవు. ఇంజిన్ వేడిని సముద్రపు నీటికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల మొదట్లో అడ్డుపడి కూర్చుంటాయి. కొత్త ఇంపెల్లర్ వేసి, పాత ముక్కలు వెతకకుండా వదిలేసిన బోట్లు మళ్లీ వేడెక్కడం చాలాసార్లు చూశాను. రెక్కలు లెక్కపెట్టి, తక్కువైనవన్నీ దొరికేవరకు వెతకాలి.

వాడేసిన నీటిని పొగగొట్టంలోకి వదిలే చోటు బోటు నీటిమట్టానికి దిగువన కానీ, దానికి జానెడు లోపు ఎత్తులో కానీ వస్తుంటే, గొట్టాన్ని పైకెత్తి వంచి శిఖరాన గాలి వాల్వు పెట్టాలి. లేకపోతే ఇంజిన్ ఆపిన తర్వాత నీరు సైఫన్ పద్ధతిలో తనంతట తాను పారి ఇంజిన్‌ను నింపుతుంది.

ఇప్పుడు డీజిల్. మీ మెకానిక్ చెప్పే 2 మైక్రాన్ల ఫిల్టర్ పనికిరానిదని నేను అనను, దాని చోటు అది కాదంటాను. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. 2 మైక్రాన్ల కాగితం గుండా డీజిల్‌ను పీల్చడం పంపుకు ఎంత శ్రమో దాన్నిబట్టి ఊహించవచ్చు. ట్యాంకుకు, ఇంజిన్‌కు మధ్య పీల్చే వైపున ఉండే మొదటి ఫిల్టర్ పని నీటిని వేరు చేయడం, మడ్డిని ఆపడం. దానికి 10 మైక్రాన్లు చాలు, ట్యాంకు పాతదైతే 30 అయినా తప్పు లేదు. సన్నని వడపోత ఇంజిన్ మీద ఉండే రెండో ఫిల్టర్ చూసుకుంటుంది. ఎక్కువ ఇంజిన్లలో అది పంపు తర్వాత, తోసే వైపున ఉంటుంది కాబట్టి సన్ననిదైనా తట్టుకుంటుంది. మొదటే 2 మైక్రాన్లు పెడితే, ఇంజిన్‌కు అపాయం లేని సన్నని మడ్డితో కూడా అది మూసుకుపోయి బోటును నడి సముద్రంలో నిలబెడుతుంది. రాకర్ తయారీ టర్బైన్ ఫిల్టర్లు కొంటే 2 మైక్రాన్లది గోధుమ రంగు, 10ది నీలం, 30ది ఎరుపు; నీలం రంగుది తీసుకోండి.

ఫిల్టర్ సైజు ఎంచుకోవడానికి ఇంజిన్ కాల్చే డీజిల్‌ను లెక్క చేస్తే తప్పవుతుంది. మీ ఇంజిన్ పూర్తి శక్తితో నడిస్తే గంటకు 13 లీటర్లు కాలుస్తుంది. పంపు అంతకు ఎన్నో రెట్లు లాగి, మిగిలినదాన్ని తిరుగు గొట్టం ద్వారా ట్యాంకుకు పంపిస్తుంది. ఫిల్టర్ దాటవలసింది ఆ మొత్తం. గంటకు 227 లీటర్ల సామర్థ్యమున్న చిన్న రకం మీకు ధారాళంగా సరిపోతుంది. ఒకటికి బదులు రెండు పక్కపక్కన బిగించి, మధ్యలో దారి మార్చే వాల్వు పెట్టిస్తే, ఒకటి మూసుకుపోయినా ఇంజిన్ ఆపకుండా రెండోదానికి మారవచ్చు. డబ్బు ఎక్కడ తగ్గించుకోవాలని అడిగితే ఇక్కడ మాత్రం వద్దంటాను.

ఫిల్టర్‌కు, ఇంజిన్‌కు మధ్య పీల్పును కొలిచే వాక్యూమ్ గేజి ఒకటి పెట్టించండి. ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు పూర్తి వేగంలో ముల్లు ఎక్కడుందో గాజు మీద రంగుతో గీత గీయండి. అక్కడి నుంచి ముల్లు 5 అంగుళాల పాదరసం మేర పెరిగితే ఫిల్టర్ మార్చే సమయం వచ్చినట్టే. 5 అంగుళాలంటే డీజిల్‌ను రెండు మీటర్ల పైకి పీల్చినంత అదనపు శ్రమ. గేజి లేనివాళ్లు గంటలు లెక్కపెట్టి మారుస్తారు, అది గుడ్డి లెక్క. శుభ్రమైన డీజిల్‌తో 500 గంటలు నడిచే ఫిల్టర్, ఒక్క చెడ్డ ట్యాంకుతో రెండు గంటల్లో మూసుకుపోతుంది. ఫిల్టర్ అడుగున ఉండే పారదర్శక ప్లాస్టిక్ గిన్నె కింద లోహపు కవచం ఉండేలా చూడండి. ఇంజిన్ గదిలో నిప్పు పుడితే గిన్నె కరిగి డీజిల్ దాని మీదే కారుతుంది. డీజిల్ మరల మీద తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టనివ్వవద్దు. తెగిన పోగులు లోపలికి వెళ్లి సన్నని దారుల్లో ఇరుక్కుంటాయి. డీజిల్ తట్టుకునే పేస్టు వాడాలి.

ట్యాంకును గాల్వనైజ్డ్ రేకుతో చేయించకండి. డీజిల్‌లోని ఆమ్లాలు జింకుతో కలిసి సబ్బులాంటి జిగురు తయారవుతుంది. రాగి, ఇత్తడి గొట్టాలు డీజిల్‌ను తొందరగా పాడుచేస్తాయి. ఇనుము, అల్యూమినియం, 316 ఎల్ రకం స్టీలు, వీటిలో ఏదైనా మంచిదే. ట్యాంకు అడుగు ఒక మూలకు వాలుగా ఉండి, అక్కడ మురికి తీసే కాక్ ఉండాలి. పీల్చే గొట్టం అడుగుకు ఒక అంగుళం పైన ఆగాలి. చేయి దూర్చి తుడవగలిగేంత మూత ఒకటి పైన ఉండాలి, లోపల అడ్డుగోడలు ఉంటే గదికొక మూత. చేయి దూరని ట్యాంకును చేసి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, అలాంటిది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.

ప్రశ్న: మా తమ్ముడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో భాగస్వామి. వేట నిషేధం ముగిశాక బోటు సముద్రంలోకి వెళ్లిన దగ్గర నుంచి ఒకే సమస్య. రేవులో ఇంజిన్ గంటలకొద్దీ నడుస్తుంది. లోపలికి వెళ్లాక గంటన్నరకు వేగం తగ్గి ఆగిపోతుంది. పావుగంట ఆగి, డీజిల్ గొట్టంలోని గాలి తీసి ఇంజిన్ వేస్తే మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. రెండు ఫిల్టర్లూ మార్చారు, ఇంజెక్టర్లు విప్పించారు, ఇరవై వేలకు పైగా అయ్యాయి. ఇంకా పంపు మార్చాలంటున్నారు. మార్చమని చెప్పమంటారా?
– గృహిణి, మౌలాలి

జవాబు: పంపు జోలికి ఇప్పుడే వెళ్లవద్దని చెప్పండి. ‘ఆగి ఉన్నప్పుడు తనంతట తానే బాగుపడుతుంది’ అన్న లక్షణం చాలా విలువైనది. పాడైన పంపు పావుగంట విశ్రాంతి తీసుకుని బాగుపడదు. ట్యాంకు లోపల, పీల్చే గొట్టం నోటి దగ్గర ఏదో వచ్చి అతుక్కుంటోంది. ఇంజిన్ పీలుస్తున్నంతసేపు అది నోటికి అంటుకుని ఉంటుంది, ఇంజిన్ ఆగగానే పీల్పు పోయి జారి అడుగున పడుతుంది. రేవులో అలలుండవు కనుక అది లేవదు.

ఆ ‘ఏదో’ ఎక్కడి నుంచి వచ్చిందో నిషేధం తేదీలే చెబుతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు కదలవు. ఆ రెండు నెలలూ ట్యాంకులో మిగిలిన డీజిల్ ఎండలో నిలవుంటుంది. డీజిల్ పోసే మూత రింగు నుంచో, గాలి గొట్టం నుంచో కొద్దిగా నీరు దిగి అడుగున చేరితే చాలు, ఆ నీటికి, డీజిల్‌కు మధ్యనున్న పొరలో బూజు పుడుతుంది. హార్మోకోనిస్ రెజినే అనే శిలీంధ్రం ఇందులో పేరుమోసినది. నీటిలో బతుకుతూ డీజిల్‌ను తింటుంది. వేలితో తీస్తే గోధుమ రంగు మీగడలా సాగుతుంది, పుల్లని వాసన వస్తుంది. కొత్త డీజిల్‌తో ఇది పెరిగిందని సరంగులు అంటుంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బి.ఎస్. 6 డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించదు, అంతకుముందు బి.ఎస్. 4లో 50 వరకు ఉండేది. గంధకం తగ్గడమే కారణమని నేను గట్టిగా చెప్పను. బయోడీజిల్ కలిస్తే మాత్రం నీరు ఎక్కువగా పడుతుంది. ఏది ఏమైనా నీరు లేని చోట ఈ బూజు బతకదు, కాబట్టి మన పోరాటం నీటితోనే.

మీ తమ్ముడు చేయవలసిన మొదటి పరీక్షకు ఖర్చు లేదు. బోటు ఒక రాత్రి కదలకుండా ఉన్నాక, తెల్లవారుజామున ట్యాంకు అడుగు కాక్ నుంచి ఒక లీటరు డీజిల్‌ను గాజు సీసాలో పట్టి, గంటసేపు నిలబెట్టి, వెలుగుకు ఎదురుగా చూడమనండి. మంచి డీజిల్ గుండా అవతలి అక్షరాలు చదవవచ్చు. అడుగున నీటి గీత, దాని మీద నల్లని జీడి లాంటి పొర కనిపిస్తే జబ్బు తెలిసినట్టే. అడుగు కాక్ లేకపోతే, పెట్రోలు బంకులవాళ్లు కొలకర్రకు పూసే నీటిని కనిపెట్టే పేస్టును అడిగి తీసుకుని ట్యాంకులోకి కర్ర దించవచ్చు. నీరు తగిలినంత మేరా పేస్టు రంగు మారుతుంది.

రెండో పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. ఇరవై లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, కదలకుండా గట్టిగా కట్టి, ట్యాంకు గొట్టం విప్పి, పీల్చే గొట్టాన్నీ తిరుగు గొట్టాన్నీ అందులో పెట్టి, హార్బర్ నోటి దగ్గరి అలల్లో ఇంజిన్ నడపమనండి. ఇంజిన్ ఆగకపోతే ఫిల్టర్లు, పంపు, ఇంజెక్టర్లు అన్నీ నిర్దోషులే, దోషి ట్యాంకు. క్యానుతోనూ ఆగిపోతే అప్పుడు గాలి దారి వెతకాలి. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రాగి వాషర్లే మళ్లీ వేశారేమో ముందు చూడాలి, ఎందుకంటే ఆ పని చాలామంది చేస్తారు.

దోషి ట్యాంకే అయితే, మందు పోసి ఊరుకోవద్దు. బూజును చంపే మందు పోస్తే చచ్చిన బూజంతా ఒక్కసారి లేచి ఫిల్టర్లను పూడ్చేస్తుంది. డీజిల్‌ను చిన్న పంపుతో తిప్పి వడకట్టి ట్యాంకులోకే పంపే పద్ధతి ఒకటుంది, దాని మీద జనానికి ఉన్న నమ్మకం నాకు లేదు. 400 లీటర్ల ట్యాంకును గంటకు 120 లీటర్ల పంపుతో ఒక చుట్టు తిప్పడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. వడకట్టినది మళ్లీ అందులోనే కలుస్తుంది కనుక, ఒక చుట్టు తర్వాత కూడా మురికిలో 37 శాతం మిగిలే ఉంటుంది; 5 శాతానికి దిగాలంటే మూడు చుట్లు, అంటే పది గంటలు. అదీ డీజిల్‌లో తేలే మురికి సంగతి మాత్రమే. ట్యాంకు అడుగున, అడ్డుగోడల మూలల్లో అంటుకున్న జిగురును ఆ పంపు కదిలించలేదు. ట్యాంకు ఖాళీ చేసి, మూత విప్పి, నూలు గుడ్డలతో తుడిచి తీయాలి. మూత లేకపోతే కోయించి పెట్టించాలి. కోసే ముందు డీజిల్ ఆవిరి పూర్తిగా పోయేలా ట్యాంకును విప్పి, ఒడ్డుకు తెచ్చి, కడిగించి, ఆ పని తెలిసినవారి చేతే చేయించాలి. పీల్చే గొట్టం చివర సన్నని జాలీ కనిపిస్తే దాన్ని తీసేయండి. అక్కడ మురికి ఆగితే చేయి చేరదు. ఫిల్టర్‌లో ఆగితే రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు.

వచ్చే ఏప్రిల్‌లో బోటు కట్టేసే ముందు ట్యాంకు అడుగు నీరు తీసి, నిండా డీజిల్ పోసి, డెక్కు మీది మూత రబ్బరు రింగు కొత్తది వేయించమనండి. నిండుగా పోసేది గోడలకు తేమ పట్టకుండా అని అందరూ చెబుతారు. నా అనుభవంలో గోడల చెమటకంటే మూత రింగు నుంచి దిగిన వాన నీరే పది రెట్లు ఎక్కువ, రింగు సంగతి మరిచి ట్యాంకు నింపితే ఫలితం లేదు.

ఇదే జబ్బు హైదరాబాద్‌లోనూ ఉందని మీరు నమ్మకపోవచ్చు. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోని జనరేటర్ కరెంటు కోతలు తగ్గాక ఏడాదిలో నాలుగు గంటలు కూడా నడవడం లేదు. మొన్న వాచ్‌మన్ ఫిల్టర్ గిన్నె కింది స్క్రూ విప్పితే మొదట అరగ్లాసు మబ్బు నీరు, తర్వాత టీ డికాషన్ రంగు తీగలు వచ్చాయి. సముద్రపు అలలు లేవు కనుక అది ఇంకా ఆగలేదు.

ప్రశ్న: హుస్సేన్ సాగర్ లాంటి మంచినీటి చెరువులో తిరిగే చిన్న డీజిల్ బోటుకు కూడా జింకు కడ్డీలు బిగించాలా? మా మెకానిక్ సముద్రపు బోటు నుంచి విప్పినవి తెచ్చి పెట్టాడు.
– విద్యార్థి, బేగంపేట

జవాబు: ఈ కడ్డీల పని ప్రొపెల్లర్ లాంటి లోహ భాగాలకు బదులు తామే అరిగిపోవడం. జింకు సముద్రపు ఉప్పునీటికి తగినది. చెరువు నీటిలో కొన్నాళ్లకు దాని మీద గట్టి తెల్లపొర కట్టి పనిచేయడం మానేస్తుంది, కడ్డీ అరగకుండా కొత్తదానిలా కనిపిస్తూ ఉంటుంది, దానికి బదులు ప్రొపెల్లర్ అరుగుతుంది. మంచినీటికి మెగ్నీషియం, నదీ ముఖాల్లోని ఉప్పు తగ్గిన నీటికి అల్యూమినియం కడ్డీలు వాడతారు. ఇక పీల్చే నీటి విషయంలో మీ చెరువు బోటుకు కావలసింది సముద్రపు బోటుకంటే పెద్ద జల్లెడ. నాచు, గుర్రపుడెక్క వేర్లు, వినాయక నిమజ్జనం తర్వాత తేలే పూలు, గుడ్డ పీలికలు ఉన్నచోట బుట్టను వారానికోసారి కాదు, తిరిగి వచ్చిన ప్రతిసారీ విప్పి కడగాలి.